పిల్లల అల్లరి: తిట్టే ముందు వారం రోజులు రాసి చూడండి

జూన్‌లో బడి తెరిచి మూడు వారాలు కాలేదు, మూడో బెంచీలో కూర్చునే బాబుకి అప్పుడే పేరు పడిపోయింది. కొట్టేవాడు. రోజుకొకరు ఏడుపు ముఖంతో నా టేబుల్ దగ్గరికి వచ్చేవారు. "టీచర్, వాడు మల్లా కొట్టిండు." ఇద్దరు తల్లులు గేటు దగ్గర నన్ను ఆపి, మా పాపను వాడి పక్కన మాత్రం కూర్చోబెట్టకండి టీచర్ అని చెప్పి వెళ్ళారు. ఆయమ్మ ఎక్కడికి తీసుకెళ్ళినా వాడి మణికట్టు పట్టుకునే నడిపించేది. వాడికి ఇంకా ఏడేళ్ళు నిండలేదు.

నేను హైదరాబాద్ సీతాఫల్‌మండిలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి టీచర్ని. ఈ పనిలోకి వచ్చి 21 ఏళ్ళు. గదిలో 36 మంది పిల్లలు, రెండు ఫ్యాన్లు, రోడ్డు వైపు ఒక కిటికీ. నా టేబుల్ సొరుగులో ఎప్పుడూ ఒక రూళ్ళ నోట్‌బుక్ ఉంటుంది. ఆ బాబు కోసం అందులో ఎనిమిది రోజులు రాశాను. ఎనిమిది రోజుల్లో తొమ్మిది సార్లు కొట్టాడు. అందులో ఎనిమిది సార్లు వరుసలోనే: నీళ్ళ కుళాయిల దగ్గర, అన్నానికి ముందు చేతులు కడుక్కునే చోట, సాయంత్రం ఆటోల దాకా నడిచేటప్పుడు. తొమ్మిదోది మెట్ల మీద, రెండు క్లాసులు ఒకేసారి దిగుతున్నప్పుడు. లెక్కలు చేస్తూ ఒక్కసారి కూడా లేదు. గ్రౌండ్‌లో ఆడుతూ ఒక్కసారి కూడా లేదు.

రాయకముందు నాకు కనిపించింది ఒక కోపిష్టి పిల్లవాడు. రాశాక కనిపించింది, వెనక నుంచి ఎవరైనా తగిలితే తట్టుకోలేని పిల్లవాడు. ఈ రెండో పిల్లవాడికి నేను సాయం చేయగలను. మొదటివాడికి ఏం చేయాలో నాకు తెలియదు, తిట్టడం తప్ప.

ఇంట్లో అమ్మానాన్నలకైనా, బడిలో కొత్తగా చేరిన టీచర్లకైనా నేను ముందు చెప్పేది ఇదే. పిల్లల్ని సరిచేయడానికి తొందరపడకండి. ఒక వారం రాయండి.

రాయడం ఎలా

ఒక్క అలవాటునే ఎంచుకోండి. కొట్టడమా, అన్నం దగ్గర పేచీయా, హోంవర్క్ అనగానే కడుపునొప్పా, ఏదో ఒకటి. అన్నీ కలిపి రాస్తే మూడో రోజుకే విసుగొచ్చి మానేస్తారు. ప్రతిసారీ ఐదు సంగతులు రాయాలి: ఎన్ని గంటలకు, ఎక్కడ, సరిగ్గా దానికి ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, ఆ తర్వాత వాడికి ఏం దొరికింది. మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు దీన్ని ఏబీసీ చార్ట్ అంటారు. నేను "ముందు, పని, తర్వాత" అని మూడు గళ్ళు గీసుకుంటాను, అంతే.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. పక్కన ఎవరో ఫోన్‌తో వీడియో తీస్తుంటే అందులో ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో అదే రాయాలి. "మొండికేశాడు", "పొగరు చూపించాడు", "కావాలని చేశాడు" అని రాస్తే అది మన తీర్పు. నా నోట్‌బుక్‌లో ఆ బాబు పేజీ ఇలా ఉంది:

"మంగళవారం, 11.05. కుళాయిల దగ్గర వరుస. ముందు: వెనక పాప బాటిల్ వీడి వీపుకి తగిలింది, రెండు సార్లు. పని: తిరిగి మోచేత్తో పొడిచాడు. తర్వాత: పాప ఏడ్చింది, నేను వాడిని వరుసలోంచి తీసి గోడ పక్కన నిలబెట్టాను. వాడు గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఏడవలేదు. భుజాలు కిందికి దిగాయి."

భుజాలు కిందికి దిగాయి అనే ఆ మాట రాసినప్పుడు నాకు దాని విలువ తెలియలేదు. శుక్రవారం పేజీలు తిప్పుతుంటే తెలిసింది. నేను శిక్ష అనుకున్నది వాడికి హాయి. వీపు వెనక గోడ ఉంటే ఎవరూ తగలరు. అంటే కొట్టినప్పుడల్లా వాడికి కావాల్సిన చోటు నేనే ఇస్తున్నాను.

అందుకే "తర్వాత" అనే గడి వదిలేయకండి. అందులో మనం చేసిన పని ఉంటుంది కాబట్టి రాయడానికి చేయి రాదు. అయినా రాయాలి. ఇంట్లో అయితే వేరే నోట్‌బుక్ కూడా అక్కర్లేదు. గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, పాల ప్యాకెట్ల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే గడులే చాలు. "7.10 వంట. ఫోన్ అడిగింది. 12 ని. ఏడుపు. ఇచ్చా." ఇంత రాస్తే సరిపోతుంది.

అల్లరి వెనక ఏముంటుంది

ఇన్నేళ్ళలో నేను రాసిన పేజీలన్నీ దాదాపు నాలుగు చోట్లకే తీసుకెళ్ళాయి. మన చూపు కావాలి. ఒక వస్తువు కావాలి. ఒక పని తప్పించుకోవాలి. లేదా ఒంటికి ఏదో కావాలి: ఆకలి, నిద్ర, ఉక్కపోత, చప్పుడు తట్టుకోలేకపోవడం, కదలకుండా కూర్చోలేకపోవడం. ఒకే అల్లరి వేర్వేరు పిల్లల్లో వేర్వేరు కారణాలతో వస్తుంది. అందుకే "పిల్లలు కొడితే ఏం చేయాలి" అనే ప్రశ్నకి ఒక జవాబు లేదు. ఎందుకు కొట్టాడో తెలిస్తే ఆ కారణానికి జవాబు ఉంటుంది.

పని తప్పించుకునే పిల్లల విషయంలో టీచర్లం చాలా పొరపాటు చేస్తాం. కొన్నేళ్ళ క్రితం ఒక బాబు లెక్కల పీరియడ్‌లో మాత్రమే కోతి శబ్దాలు చేసేవాడు. క్లాసంతా నవ్వేది, నేను బయటికి పంపేదాన్ని. రాసి చూస్తే అది అన్ని లెక్కలప్పుడూ కాదు, అప్పు తెచ్చుకునే తీసివేతలప్పుడే. 52లోంచి 27 తీయమంటే రెండులోంచి ఏడు పోదు కదా, అక్కడ ఆగిపోతున్నాడు. రాదు అని పదిమందిలో చెప్పడం కంటే కోతిలా అరిచి బయటికి పోవడం వాడికి సులువు. బయటికి పంపిన ప్రతిసారీ నేను వాడికి కావాల్సింది ఇచ్చాను. తర్వాత పది లెక్కలకు బదులు మూడు ఇచ్చాను, మొదటిది నేనే చేసి చూపించాను, పుల్లల కట్టలు విప్పి మరీ. రాకపోతే పెన్సిల్ బల్ల మీద అడ్డంగా పెట్టు, నేనే వస్తాను అన్నాను. నోరు విప్పి అడగక్కర్లేదు, ఎవరికీ తెలియదు. ఆ అడ్డం పెన్సిల్ ఇప్పుడు మా క్లాసులో అందరి పద్ధతి.

ఒంటి సంగతి మాత్రం అందరికంటే ముందు చూడండి. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఆ రోజుల్లో నా నోట్‌బుక్‌లో గొడవలన్నీ 11 దాటాకే. పిల్లలు పొద్దున 7 గంటలకు ఏదో కాస్త తిని వస్తారు, కొందరు పాలే తాగి వస్తారు. గది వేడెక్కిపోతుంది. అప్పుడు నీతులు చెప్పడం కంటే పదిన్నరకి అందరి చేతా నీళ్ళు తాగించి, డబ్బాలో తెచ్చుకున్న ఏదైనా నాలుగు ముక్కలు తిననివ్వడం మేలు.

నిద్ర గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళో ఇది పెద్ద సమస్య. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. మూడు, నాలుగేళ్ళ వాళ్ళకి మధ్యాహ్నం కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు. మా క్లాసులో ఒక పాప రోజూ రెండో పీరియడ్‌కి చిరాకు పడేది, పెన్సిళ్ళు విరిచేది. వాళ్ళమ్మని అడిగితే, నాన్న హైటెక్ సిటీ నుంచి ట్రాఫిక్‌లో ఇల్లు చేరేసరికి 9.30, పాప నాన్నతో ఆడకుండా పడుకోదు, 11 అవుతుంది అని చెప్పింది. వ్యాన్ 7 గంటలకు వస్తుంది, 6.15కి లేపుతారు. ఏడుంబావు గంటలు. నాన్న కోసం మేలుకోవడం తప్పు అని నేను ఎలా అంటాను? నాన్న సమయాన్ని పొద్దునకి మార్చమన్నాను. రాత్రి 9కల్లా దీపాలు ఆర్పేయాలి. పొద్దున స్నానం, జడ, బూట్లు అన్నీ నాన్న చేతుల మీదుగా, వ్యాన్ దాకా కూడా నాన్నే. జడ వంకరగా వచ్చినా ఆ పాప ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు, మా నాన్న వేసిండు అని తిరిగి తిరిగి చూపించేది. నెల తిరిగేలోగా పెన్సిళ్ళు విరగడం ఆగింది.

అలాగే చూపు, వినికిడి. పిలిస్తే పలకడు, చెప్పింది చేయడు అనిపించిన పిల్లవాడి చెవులు ఒకసారి పరీక్ష చేయించండి. జలుబు చేసి చెవిలో నీరు చేరినా కొన్ని వారాలు సరిగ్గా వినిపించదు.

ఏడుపు పెరిగే మూడు రోజులు

మా పక్క ఫ్లాట్‌లో ఉండే అమ్మాయి నన్ను ఆంటీ అంటుంది. వాళ్ళ పాపకి నాలుగేళ్ళు. క్యాలెండర్ గడుల్లో ఇందాక చెప్పిన లెక్క ఆ ఇంటిదే. ఏడు గంటలకు వంట మొదలవుతుంది, పాప ఫోన్ అడుగుతుంది, అమ్మ వద్దంటుంది, పన్నెండు నిమిషాలో పదిహేను నిమిషాలో ఏడ్చాక కూర మాడిపోతుందని ఇచ్చేస్తుంది. వారం చూశాక నేను అన్నాను, "అమ్మా, పాప ఫోన్ కోసం ఏడవడం లేదు, పావుగంట ఏడిస్తే ఫోన్ వస్తుందని నేర్చుకుంది. నేర్పింది మనమే."

ఇలాంటప్పుడు చేయాల్సిన పని రెండు భాగాలు. మొదటిది ఏడుపుకి ముందే జరగాలి. ఫోన్ ఎప్పుడో పాపకి తెలియాలి. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజుకి గంట కంటే ఎక్కువ స్క్రీన్ ముందు కూర్చోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, తక్కువైతే ఇంకా మంచిది. మేం సాయంత్రం 6 గంటలకు, పాలు తాగాక, రెండు కార్టూన్లు అని పెట్టుకున్నాం. నిమిషాలు చెప్పలేదు, నాలుగేళ్ళ పిల్లకి ఇరవై నిమిషాలంటే ఏం తెలుస్తుంది? రెండు కథలు అంటే తెలుస్తుంది. పార్కు నుంచి తీసుకురావడం కూడా ఇంతే. ఐదు నిమిషాల్లో వెళ్దాం అనకండి, ఇంకో మూడు సార్లు జారు, తర్వాత చెప్పులు వేసుకుందాం అనండి, పక్కనే నిలబడి లెక్కపెట్టండి. ఇక వంట మొదలుపెట్టే ముందు, 6.50కి, అడగకముందే పాపను వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి ఒక పళ్ళెంలో బఠాణీలు ఒలవమని ఇవ్వాలి. సగం నోట్లోకి పోతాయి, పోనివ్వండి. వంట చేసే అమ్మ చూపు తన మీద ఉండాలి, ఆ పాపకి కావాల్సిందాంట్లో సగం అదే.

రెండో భాగం కష్టం. అయినా ఫోన్ అడిగి ఏడిస్తే ఇవ్వకూడదు. ఇక్కడ ఒక సంగతి ముందే తెలుసుకోకపోతే ఓడిపోతారు. ఏడుపు తగ్గే ముందు పెరుగుతుంది. మా ఆయనకు ఒకప్పుడు పాత స్కూటర్ ఉండేది. రోజూ ఒక్క కిక్కుకి స్టార్టయ్యే బండి ఒకరోజు స్టార్ట్ కాకపోతే ఏం చేస్తారు? వెంటనే వదిలేసి బస్సెక్కరు. ఇంకా గట్టిగా కొడతారు, చోక్ లాగుతారు, బండిని పక్కకి వంచి మళ్ళీ కొడతారు. పిల్లలూ అంతే. ఇన్నాళ్ళూ పనిచేసిన ఏడుపు పనిచేయకపోతే ఇంకా గట్టిగా ఏడుస్తారు.

ఆ ఇంట్లో మొదటి రోజు 18 నిమిషాలు. రెండో రోజు 25. మూడో రోజు 31 నిమిషాలు, బఠాణీల పళ్ళెం విసిరేసింది, గోడకి తల ఆనించి అరిచింది. అప్పుడే వాళ్ళమ్మ వచ్చి నా తలుపు కొట్టింది. "ఆంటీ, ఇచ్చేయనా? కింద ఫ్లాట్ వాళ్ళు ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది." నేను వెళ్ళి వంట గట్టు దగ్గర నిలబడ్డాను, కూర నేను కలిపాను, తను వెళ్ళి పాప పక్కన నేల మీద కూర్చుంది. ఆ రోజు ఇచ్చి ఉంటే పాప నేర్చుకునేది, పావుగంట చాలదు, అరగంట ఏడవాలి అని. నాలుగో రోజు 10 నిమిషాలు. ఆరో రోజు రెండు నిమిషాలు గునిసి బఠాణీల దగ్గరికి వచ్చింది. తొమ్మిదో రోజు బంధువులొచ్చినప్పుడు మళ్ళీ మొదలైంది, ఆ రోజూ ఇవ్వలేదు. చుట్టాల ముందు పరువు పోతుందని ఒక్కసారి ఇస్తే అసలు మానరు, ఎందుకంటే ఎప్పుడో ఒకసారి దొరికేదాని కోసం పిల్లలు ఎక్కువ రోజులు పట్టుబడతారు.

ఆ అరగంటా ఏం చేయాలి అంటే, దాదాపు ఏమీ చేయకూడదు. పగిలేవి, గుచ్చుకునేవి పక్కకి తీసేయండి. కింద కూర్చోండి, మీ ముఖం పిల్ల ముఖం ఎత్తుకి రావాలి. ఒక్క మాట చెప్పండి: "ఫోన్ రేపు సాయంత్రం. నేను ఇక్కడే ఉన్నా." మళ్ళీ మళ్ళీ వివరించకండి, ఆ సమయంలో పిల్లలకి ఎక్కదు. ఏడుపు చల్లారి ఊపిరి కుదుటపడ్డాక నీళ్ళు తాగించండి. చూశావా ఎంత ఏడ్చావో అని దెప్పకండి. బఠాణీలు కలిసి ఏరండి.

ఒక హెచ్చరిక. ఈ పద్ధతి వస్తువు కోసం ఏడ్చే ఏడుపుకి మాత్రమే. భయంతో, నొప్పితో, ఆకలితో ఏడ్చే పిల్లని అలా వదిలేయకూడదు. తేడా తెలియకపోతే ముందు దగ్గరికి తీసుకోండి.

మనం వాడే మాటలు

మన నోటికి "వద్దు"లు అలవాటు. పరిగెత్తొద్దు, అరవొద్దు, కింద పోయొద్దు. ఏం చేయకూడదో చెప్పాం, ఏం చేయాలో చెప్పలేదు. "మెట్ల మీద రెయిలింగ్ పట్టుకుని నడువు" అంటే కాళ్ళకి ఒక పని దొరుకుతుంది. "అల్లరి చేయకు" అంటే ఏం చేయాలో ఏడేళ్ళ పిల్లకి అర్థం కాదు.

ఇంకో అలవాటు, చెప్పాల్సింది ప్రశ్నగా అడగడం. "పాలు తాగుతావా?" అని అడిగాక వద్దు అంటే కోపం తెచ్చుకోవడం న్యాయం కాదు, మనమే అడిగాం. పాలు తాగాల్సిందే అయితే "స్టీల్ గ్లాసులోనా, ఎర్ర కప్పులోనా?" అని అడగండి. ఎంచుకునే అవకాశం నిజంగా ఉన్నచోటే ప్రశ్న వేయాలి. "దెబ్బలు కావాలా?" అనేది ఎవరికీ జవాబు లేని ప్రశ్న.

మెచ్చుకోవడం కూడా వివరంగా ఉండాలి. గుడ్ బాయ్, గుడ్ గర్ల్ అంటే దేనికో తెలియదు. "పక్క పాప రబ్బరు పడిపోతే నువ్వు వంగి తీసిచ్చావు, నేను చూశా" అంటే ఆ పని మళ్ళీ చేయాలనిపిస్తుంది. నేను రోజుకి ఐదుగురికి ఇలా ఒక మాట చెబుతాను, సాయంత్రం హాజరు పట్టీ మీద చుక్క పెట్టుకుంటాను, ఎవరూ వారం పైన మిగిలిపోకుండా. అల్లరి పిల్లలకి మన చూపు అల్లరప్పుడే దొరుకుతుంటే వాళ్ళు అల్లరే చేస్తారు.

ఇక "పోలీసుకి పట్టిస్తా", "డాక్టర్‌తో సూది వేయిస్తా", "బూచోడికిచ్చేస్తా". ఈ మాటలు మానేయమని చేతులు పట్టుకుని అడుగుతున్నాను. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుంది. ఆ జనంలో చేయి జారి తప్పిపోయిన పిల్ల ఎవరి దగ్గరికి వెళ్ళాలి? యూనిఫాంలో ఉన్న పోలీసు దగ్గరికే కదా. ఏళ్ళ తరబడి పోలీసంటే భయపెట్టిన పిల్ల ఆ మనిషిని చూసి ఇంకా దూరం పరిగెత్తుతుంది. పిల్లలు మన మాటలు నమ్ముతారు. నమ్మరనుకుని అంటాం, కానీ నమ్ముతారు.

కొట్టడం గురించి

నేనూ కొట్టాను. ఉద్యోగంలో రెండో ఏడాది, అప్పుడు వేరే బడిలో ఉండేదాన్ని, అక్కడ ప్రతి టేబుల్ మీదా చెక్క స్కేలు ఉండేది. ఒక పాప హోంవర్క్ నోట్‌బుక్ ఇంట్లో మర్చిపోయానంది. సంచిలో చూస్తే ఉంది. అబద్ధం చెప్పినందుకు అరచేతి మీద రెండు వేశాను. తర్వాతి వారం నోట్‌బుక్ మళ్ళీ రాలేదు, సంచిలోనూ లేదు. బాత్రూం కిటికీ మీద దొరికింది. అబద్ధం ఆడకూడదని ఆ పాప నేర్చుకోలేదు, ఇంకా బాగా దాచాలని నేర్చుకుంది. ఆ నోట్‌బుక్ తెరిచి చూస్తే లోపల పేజీలు ఖాళీ. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు, తనకి చదవడం రావడం లేదు. నేను అడగాల్సింది అది. ఆ చేయి నాకు ఇప్పటికీ గుర్తే, వేళ్ళకి సిరా.

మొక్కై వంగనిది మానై వంగునా అని కొట్టేవాళ్ళందరూ అంటారు. మొక్కని ఎవరూ కొట్టి వంచరు. పక్కన కర్ర పాతి, మెత్తని గుడ్డతో కడతారు, రోజూ చూసుకుంటారు.

బడిలో అయితే ఇది చట్టం కూడా. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు గాయపడేలా వేధించడాన్నీ నిషేధించింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ రెండో భాగం చాలామంది టీచర్లకు తెలియదు. క్లాసు ముందు నిలబెట్టి మొద్దు అనడం కూడా అందులోకే వస్తుంది. పిల్లలకి ఎక్కడైనా హింస జరుగుతోందని తెలిస్తే 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు.

కొట్టకపోతే మరి ఏం చేయాలి అంటే, చేసిన పనికీ పర్యవసానానికీ సంబంధం ఉండాలి. నీళ్ళు పారబోస్తే గుడ్డ తెచ్చి తుడవాలి. స్నేహితుడి బొమ్మ చింపితే టేపుతో అతికించాలి, కలిసి కూర్చుని. నీళ్ళు పారబోసినందుకు ఆటల పీరియడ్ తీసేస్తే రెండింటికీ పొంతన లేదు. పైగా కదలాల్సిన పిల్లవాడిని కూర్చోబెట్టినందుకు తర్వాతి పీరియడ్‌లో అనుభవించేది మనమే.

ఇంట్లో పెద్దవాళ్ళతో

అమ్మ వద్దన్నది నానమ్మ కొంగు చాటున ఇచ్చేస్తుంది. చాలామంది కోడళ్ళు నా దగ్గర బాధపడేది ఇదే. పిల్లల ముందు ఎప్పుడూ వాదించకండి. మధ్యాహ్నం పిల్లలు బడిలో ఉన్నప్పుడు, "అత్తయ్యా, మీ మాటైతే వింటాడు, ఈ ఒక్కటి మీరే చెప్పాలి" అని అడగండి. పది నియమాలు పెడితే ఎవరూ పాటించరు. ఇంటిల్లిపాదీ ఒప్పుకునేవి రెండే పెట్టుకోండి. మా ఇంట్లో అన్నం దగ్గర ఫోన్ లేదు, ఎవరూ ఎవరినీ కొట్టకూడదు, ఈ రెండే. చాక్లెట్ సంగతి నేను నానమ్మకే వదిలేశాను, ఆదివారం చాక్లెట్ ఆవిడ చేత్తోనే.

డాక్టర్‌కి ఎప్పుడు చూపించాలి

రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి చెప్పకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోతే, వచ్చిన మాటలు పోతుంటే, తనని తాను గాయపరచుకుంటుంటే, ఇంట్లోనూ బడిలోనూ నెలల తరబడి ఒకేలా ఇబ్బంది ఉంటే, ఇంకా చూద్దాం, మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారు అని వాయిదా వేయకండి. ముందు పిల్లల డాక్టర్‌ని కలవండి. రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి ఉంది. ఎదుగుదల, మాటలు, తెలివితేటల పరీక్షలకు బోయిన్‌పల్లి వైపు మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 1984 నుంచి ఉంది. వెళ్ళేటప్పుడు మీరు రాసిన పేజీలు తీసుకెళ్ళండి. "బాగా అల్లరి చేస్తాడండీ" అనే మాట కంటే పది రోజుల లెక్క డాక్టర్‌కి ఎక్కువ ఉపయోగం. పెంపకంలో మీకే ఊపిరాడనట్టు అనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మళ్ళీ మూడో బెంచీ బాబు

వాడిని వరుసలో చివరికి మార్చాను. ఊరికే చివర నిలబెడితే శిక్షలా ఉంటుంది కాబట్టి పని ఇచ్చాను: అందరూ గది దాటాక ఫ్యాన్ స్విచ్‌లు ఆపి, తలుపు దగ్గరగా వేసి రావడం. వెనక ఎవరూ ఉండరు. రెండో పని, మాట నేర్పడం. కొట్టొద్దు అని అప్పటికి నూరు సార్లు విన్నాడు, కొట్టడానికి బదులు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం అందరూ తింటుంటే మేమిద్దరం వరండాలో ఆడేవాళ్ళం. నేను వెనక నుంచి వేలితో తాకుతాను, వాడు చేయి ముందుకు చాచి "జర జరుగు" అనాలి. మొదట్లో గొంతు రాలేదు, తర్వాత అరిచేవాడు. మెల్లగా, వినబడేలా అనడానికి నాలుగు రోజులు పట్టింది. మిగతా 35 మందికీ ఒకటి నేర్పాను: ఎవరైనా జర జరుగు అంటే ఒక అడుగు వెనక్కి వేయాలి. ఇది నేర్పకపోతే వాడి మాటకి విలువ ఉండదు, మళ్ళీ మోచేయే పనిచేస్తుంది.

దసరా సెలవుల తర్వాత రెండు సార్లు కొట్టాడు. సెలవుల తర్వాత పిల్లలందరికీ పద్ధతులు జారిపోతాయి, మళ్ళీ వరండాలో రెండు రోజులు ఆడాం. సంక్రాంతి దాటాక ఒకరోజు ఆటోల దగ్గర ఒక చిన్న పాప వాడి మీద పడింది. వాడి చేయి లేచింది. సగంలో ఆగి, ముందుకు చాచి, "జర జరుగు" అన్నాడు. పాప జరిగింది. వాడు నా వైపు చూశాడు, నేను చూశానో లేదో అని.

ఏప్రిల్‌లో చివరి పనిదినం నాడు నా నోట్‌బుక్‌లో ఆ ఏటి పేజీలు చింపేస్తాను. మూడో తరగతి టీచర్‌కి ఎవరు కొట్టేవాళ్ళో, ఎవరు అబద్ధాలు చెప్పేవాళ్ళో అందించను. ఒక కాగితం మీద రెండు మూడు వాక్యాలు మాత్రం రాసిస్తాను. ఆ బాబుకి రాసింది: "వరుసలో చివర నిలబెట్టండి. ఫ్యాన్లు, తలుపు పని ఇవ్వండి. జర జరుగు అంటే వెనక పిల్లల్ని ఒక అడుగు వేయమనండి. భుజాలు బిగిస్తున్నాడంటే పక్కన చోటు ఇవ్వండి."